సేవకు వెళ్తున్నారా, చదువుకోవడానికి వెళ్తున్నారా? - ఘనా బధిర సమాజాల గడపలో విద్యార్థి వాలంటీర్లు

సెలవులు దగ్గరపడేసరికి అమెరికా, యూరప్ యూనివర్సిటీల్లో ఒక రకం పోస్టర్లు వెలుస్తాయి. రెండు వారాలు ఘనా, మూడు వారాలు కెన్యా. పగలు బధిర పిల్లల బడిలో స్వచ్ఛంద సేవ, సాయంత్రం స్థానిక బధిర సమాజంతో ‘సాంస్కృతిక మార్పిడి’, చివరి రెండు రోజులు విహారం. ఫోటోలో నవ్వుతున్న ఒక విద్యార్థిని, చుట్టూ యూనిఫాంలో నల్ల పిల్లలు. సోషల్ వర్క్, స్పెషల్ ఎడ్యుకేషన్, భాషాశాస్త్రం చదివే మన పిల్లలు కూడా ఈ పోస్టర్ల వైపు ఆశగా చూస్తున్నారు. చూడటంలో తప్పు లేదు. కాకపోతే ‘మార్పిడి’ అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. మార్పిడి అంటే ఇచ్చిపుచ్చుకోవడం కదా. ఇక్కడ ఇచ్చిందెవరు, పుచ్చుకుందెవరు?

ఘనా సంగతి ఎత్తితే ముందు ఆండ్రూ ఫోస్టర్ గురించి చెప్పుకోవాలి. ఆయన 1925లో అమెరికాలోని అలబామాలో ఒక నల్ల గని కార్మికుడి ఇంట పుట్టాడు. పదకొండో ఏట మెనింజైటిస్ వచ్చి వినికిడి పోయింది. టాలడిగాలో నల్ల బధిర పిల్లల కోసం విడిగా పెట్టిన బడిలో చదివాడు. బధిరుల ఉన్నత విద్యకు పేరుమోసిన వాషింగ్టన్‌లోని గాలాడెట్ కాలేజీకి దరఖాస్తు పెడితే, నల్లవాడివన్న కారణంతో పలుమార్లు తిప్పికొట్టారు. చివరికి 1951లో సీటు దొరికింది. 1954లో పట్టా అందుకున్నాడు. గాలాడెట్‌ నుంచి పట్టా పొందిన మొదటి నల్ల విద్యార్థి ఆయనే. 1957లో, ఘనాకు స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే, అక్కడ దిగి బధిర పిల్లలకు బడి తెరిచాడు. 1987 డిసెంబర్‌లో రువాండాలో చిన్న విమానం కూలి చనిపోయేనాటికి 13 ఆఫ్రికా దేశాల్లో 31 బడులు ఆయన చేతుల మీదుగా లేచాయి.

ఫోస్టర్ క్రైస్తవ మిషనరీగానే వెళ్లాడు, చందాల డబ్బుతోనే బడులు నడిపాడు. అయినా పోస్టర్ మీది వాలంటీర్‌కూ ఆయనకూ చాలా దూరం ఉంది. బధిరుడు బధిరులకు చదువు చెప్పాడు. తనను గడప తొక్కనివ్వని వ్యవస్థ ఎలా ఉంటుందో ఒంటి మీద అనుభవించి వెళ్లాడు. ముప్పై ఏళ్లు ఆ పనిలోనే ఉన్నాడు.

గాలాడెట్ ఆవరణలోనే ఉన్న కెండాల్ బడి కథ కూడా మన విద్యార్థులు తెలుసుకోవాలి. ఆ ఊరి నల్ల బధిర పిల్లలకు అందులో చోటు లేకపోతే, లూయిస్ మిల్లర్ అనే తల్లి మరికొందరు తల్లిదండ్రులతో కలిసి కోర్టుకెక్కింది. 1952లో తీర్పు ఆమె పక్షాన వచ్చింది. అప్పుడు కూడా తెల్ల పిల్లల మధ్య కూర్చోబెట్టడానికి మనసు రాక, అదే ఆవరణలో నల్లపిల్లలకు వేరే విభాగం కట్టారు. ఊరికీ వాడకీ మధ్య గీత ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకు ఈ కట్టడం కొత్త కాదు. అలా చదివిన 24 మందికి గాలాడెట్ యూనివర్సిటీ హైస్కూలు డిప్లొమాలు ఇచ్చింది 2023 జులైలో. డెబ్బై ఏళ్లు ఆలస్యం. కొందరి తరఫున వారసులు వచ్చి తీసుకున్నారు.

ఈ వెలివేత నుంచే ఇంకో విచిత్రం కూడా పుట్టింది. 1880లో మిలాన్ నగరంలో బధిర విద్యావేత్తల మహాసభ ఒకటి జరిగింది. బడుల్లో సంజ్ఞలు మాన్పించి, పెదవుల కదలిక చదవడం, నోటితో మాట్లాడటం మాత్రమే నేర్పాలని తీర్మానించింది. ఓటు వేసినవాళ్లలో దాదాపు అందరూ వినగలిగినవాళ్లే. బధిరుల చదువును బధిరులు లేకుండా తేల్చేశారు. ఆ తర్వాత అమెరికాలో తెల్ల బధిర పిల్లల బడుల్లోకి ఈ మాటల చదువు దూసుకొచ్చింది. దక్షిణాది నల్ల బడుల మీద ఎవరూ అంత శ్రద్ధ, ఖర్చు పెట్టలేదు కాబట్టి అక్కడ సంజ్ఞల భాష చెక్కుచెదరకుండా మిగిలింది. నల్ల బధిరుల సంజ్ఞల్లో రెండు చేతుల వాడకం ఎక్కువనీ, పాత రూపాలు నిలిచాయనీ 2011లో కరోలిన్ మెకాస్కిల్, ఆమె సహ పరిశోధకులు పుస్తకంగా రాశారు. మెకాస్కిల్ స్వయంగా నల్ల బధిర మహిళ. చిన్నప్పుడు నల్లపిల్లల బడి నుంచి తెల్లపిల్లలున్న బడికి మారినప్పుడు, టీచర్ సంజ్ఞలు తనకు అర్థం కాకపోవడమే ఆమె పరిశోధనకు తొలి విత్తనం.

మరి ఫోస్టర్ ఆఫ్రికాకు తీసుకెళ్లింది ఏ భాష? అమెరికన్ సంజ్ఞా భాష. ఇవాళ ఘనా సంజ్ఞా భాష అని పిలిచేది దాని నుంచి ఎదిగిందే. ఇక్కడ కథ మనకు నచ్చినట్టు నడవదు.

అక్రాకు కొద్ది దూరంలో అకువాపిమ్ కొండల దగ్గర అడమోరోబే అనే ఊరుంది. వంశపారంపర్య కారణాల వల్ల అక్కడ తరతరాలుగా బధిరులు ఎక్కువ. ఫోస్టర్ రాకముందు నుంచే ఆ ఊరికి సొంత సంజ్ఞా భాష ఉంది. వినగలిగినవాళ్లలో కూడా చాలామందికి అది వచ్చు. పొలంలో, సంతలో, ఇంట్లో దాంతోనే పని జరిగిపోతుంది. ఆ ఊరి పిల్లలు మాంపాంగ్‌లోని బధిరుల బడికి వెళ్లడం మొదలయ్యాక ఘనా సంజ్ఞా భాష నేర్చుకున్నారు. దేశమంతటా ఉన్న బధిరులతో మాట్లాడే దారి వాళ్లకు దొరికింది. అదే సమయంలో ఊరి భాష పెద్దవాళ్ల చేతుల్లో మిగిలిపోతోంది. విక్టోరియా నిస్ట్ అనే భాషావేత్త 2007లో ఆ భాష మీద సిద్ధాంత గ్రంథం రాసింది. అనెలీస్ కుస్టర్స్ అనే బధిర పరిశోధకురాలు అక్కడ నెలల తరబడి ఉండి 2015లో పుస్తకం తెచ్చింది. బధిరులు బధిరులను పెళ్లాడకూడదని 1975లో ఆ ఊరి పెద్ద పెట్టిన కట్టడి గురించి కూడా అందులో చదువుతాం. పుట్టబోయే బిడ్డలు వినలేరేమోనన్న భయంతో పెళ్లి మీద పెట్టిన కాపలా అది. ఊరంతా సంజ్ఞల్లో మాట్లాడుతుంది కాబట్టి అదో స్వర్గమని రాసుకునే యాత్రికులు ఈ పేజీలు దాటేస్తుంటారు.

ఘనా భాష నేర్చుకుని బయటపడాలా, ఊరి భాషను కాపాడుకోవాలా అన్నది అడమోరోబే బధిరులు తేల్చుకోవాల్సిన సంగతి. ఇంగ్లీషు మీడియం విషయంలో దళిత పిల్లల తరఫున నిర్ణయాలు చేసే పెద్దమనుషులను మనం చాలామందిని చూశాం. తమ పిల్లలను కాన్వెంటుకు పంపి, మన పిల్లలకు మాతృభాష మాధుర్యం బోధిస్తారు. పదిహేను రోజుల వీసా మీద వెళ్లే విద్యార్థి ఆ పెద్దమనిషి పాత్రలోకి ఎంత తేలిగ్గా జారిపోతాడో గుర్తుంచుకోవాలి.

వేర్వేరు దేశాల బధిరులు కలిసినప్పుడు, ఇద్దరికీ ఒకే భాష రాకపోయినా, కాసేపట్లోనే ఏదో ఒక మాట కుదుర్చుకుంటారు. వినగలిగిన మనకు అది సాధ్యం కాదు. ‘నువ్వూ బధిరుడివే, నేనూ బధిరుణ్నే, ఇద్దరం ఒకటే’ అన్న భావనకు బధిర అధ్యయనాల్లో ‘డెఫ్-సేమ్’ అని పేరు. మిషెల్ ఫ్రీడ్నర్ బెంగళూరు బధిర యువత మధ్య పరిశోధన చేసినప్పుడు కూడా ఈ మాట తరచూ కనిపించింది. ఆమె, కుస్టర్స్ కలిసి 2015లో తెచ్చిన వ్యాస సంకలనమంతా ఈ ‘ఒకటే’ ఎంతవరకు నిజమన్న చర్చే. ఆ వెచ్చదనం నిజమైనదే. కానీ విమానం టికెట్ కొన్నది ఎవరు? పాస్‌పోర్టు చూపిస్తే ఎవరికి గేటు తెరుచుకుంటుంది, ఎవరు కాన్సులేట్ ముందు వరుసలో నిలబడాలి? తిరిగొచ్చాక ఆ అనుభవం ఎవరి దరఖాస్తులో నాలుగు వరుసలవుతుంది? ‘మనమంతా ఒకటే’ అన్న మాట విన్నప్పుడు ముందు లెక్క అడగడం మన అలవాటు. ఆ అలవాటును విదేశాల్లో కూడా మానుకోనక్కరలేదు.

సేవ గురించి బాబాసాహెబ్ వేసిన ప్రశ్న కూడా ప్రయాణంలో రాసిందే. 1932 నవంబర్‌లో మూడో రౌండ్ టేబుల్ సమావేశానికి లండన్ వెళ్తూ, ఓడలోంచి ఆయన ఎ.వి. ఠక్కర్‌కు ఉత్తరం రాశారు. తర్వాత హరిజన సేవక్ సంఘ్‌గా మారిన సంస్థకు ఠక్కర్ కార్యదర్శి. బావుల్లో నీళ్లు తోడుకునే హక్కు, బడిలో చేరే హక్కు, సమాన అవకాశం కోసం పోరాడమనీ, ఆ పనికి అణగారిన వర్గాల నుంచే కార్యకర్తలను తీసుకోమనీ అందులో కోరారు. ఆ ఉత్తరానికి జవాబే రాలేదని తర్వాత ఆయనే రాశారు. సంస్థ సవర్ణుల ప్రాయశ్చిత్తం కోసం కాబట్టి వాళ్ల చేతుల్లోనే ఉండాలన్న వాదన నెగ్గింది. ఎవరి పేరున సంస్థ నడుస్తోందో వాళ్లకు దాని కమిటీలో కుర్చీ లేకుండా పోయింది.

బధిరులు ఈ అనుభవాన్ని మన దగ్గర నేర్చుకోనక్కర్లేదు. గాలాడెట్‌కు 1864 నుంచి 1988 దాకా, అంటే 124 ఏళ్లు, ఒక్క బధిర అధ్యక్షుడు కూడా లేడు. 1988 మార్చిలో పాలకమండలి మళ్లీ వినగలిగిన మనిషినే ఎంపిక చేస్తే విద్యార్థులు గేట్లు మూసేశారు. వారం తిరక్కముందే ఐ. కింగ్ జోర్డాన్ తొలి బధిర అధ్యక్షుడయ్యాడు. ఫోస్టర్ చనిపోయి అప్పటికి మూడు నెలలే.

మన ఇంట్లో ఈ రెండు చరిత్రలు ఒకే శ్లోకంలో కలుస్తాయి. మనుస్మృతి తొమ్మిదో అధ్యాయంలో ఆస్తిలో వాటా దక్కనివాళ్ల జాబితా ఉంది. కులం నుంచి పతితుడైనవాడు, పుట్టుగుడ్డి, పుట్టుచెవిటి, మూగ, పిచ్చివాడు, అందరూ అక్కడ ఒకే వరుసలో నిలబడతారు. 1927 డిసెంబర్ 25న మహాడ్‌లో కాలింది ఆ పుస్తకమే. ఆ మరుసటి ఏడాది, 1928లో వచ్చిన వారసత్వ చట్టంతో గానీ బధిరులకు హిందూ చట్టంలో వాటా తేలలేదు. తెలుగులో మాత్రం ‘చెవిటివాడి ముందు శంఖం’ అన్న సామెత ఇంకా హాయిగా వాడుకుంటున్నాం. శంఖం వినిపించకపోతే పోయేదేముందని ఎవరూ అడగరు.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశ జనాభాలో వికలాంగులు 2.21 శాతం. షెడ్యూల్డ్ కులాల్లో 2.45 శాతం. కాబట్టి ఒక దళిత బధిర అమ్మాయి ఇలాంటి మార్పిడి కార్యక్రమానికి వెళ్లాలనుకుంటే దారి ఏమిటో చూద్దాం. ఎస్సీ తదితర విద్యార్థులకు నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ కింద ఏటా 125 సీట్లు. భారత సంస్కృతి, వారసత్వం, చరిత్ర, సమాజం మీద పరిశోధనకు అది వర్తించదని 2022లో నిబంధన మార్చారు. అంటే కులం మీద చదువుకోవడానికి వెళ్లడం కుదరదు. వికలాంగ విద్యార్థులకు విడిగా ఉన్న పథకంలో దేశం మొత్తానికి ఏటా 20. పైగా ఇవన్నీ డిగ్రీ చదువులకు. పోస్టర్ మీది మూడు వారాల యాత్రకు డబ్బు ఇంటి నుంచే రావాలి. ఏ ఇళ్లలో ఆ డబ్బుంటుందో వేరే చెప్పాలా?

అందుకే వెళ్లదలిచిన విద్యార్థులు నిర్వాహకులను సూటిగా అడగాలి. బయల్దేరే ముందు కనీసం ఆరు నెలలు అక్కడి సంజ్ఞా భాష నేర్పిస్తారా, అదీ బధిర గురువుతో, జీతమిచ్చి? కార్యక్రమం ఎలా ఉండాలో ఘనా బధిరుల జాతీయ సంఘాన్ని అడిగారా, లేక స్కూలు హెడ్మాస్టర్‌ని అడిగి ఊరుకున్నారా? క్లాసులో మా విద్యార్థి నిలబడితే అక్కడి బధిర టీచర్ ఎక్కడ నిలబడతారు? పిల్లల ఫోటోలకు అనుమతి ఎవరిచ్చారు? వికలాంగుల హక్కులపై ఐక్యరాజ్యసమితి 2006లో చేసిన ఒప్పందం బధిరుల భాషనూ సంస్కృతినీ గుర్తించమంటోంది, అంతర్జాతీయ సహకారానికి విడిగా ఒక అధికరణమే కేటాయించింది. భారత్, ఘనా రెండూ దాని మీద సంతకం చేసినవే. కాబట్టి ఈ ప్రశ్నలు అడగడానికి ఎవరి దయా అక్కర్లేదు.

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న తిరుగు టికెట్ గురించి. పదిమంది మనవాళ్లు వెళ్తున్నారంటే, అక్కడి నుంచి పదిమంది బధిర విద్యార్థులు ఎప్పుడు వస్తున్నారు? వాళ్ల వీసా బాధ్యత ఎవరిది, వాళ్లు మన క్లాసులో కూర్చున్నప్పుడు దుబాసీ ఎవరు? భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం ఢిల్లీలో 2015లో వచ్చింది. ఇన్నేళ్లయినా ఒక మామూలు డిగ్రీ కాలేజీలో బధిర విద్యార్థి పక్కన దుబాసీ కనిపించడం అరుదు. సికింద్రాబాద్‌లో అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. దాని చుట్టుపక్కల యూనివర్సిటీల్లో ఎన్ని తరగతి గదుల్లో సంజ్ఞా భాష వినియోగంలో ఉందో మన విద్యార్థి సంఘాలు ఒకసారి తిరిగి లెక్క తీయొచ్చు. ఆ లెక్కకు పాస్‌పోర్టు అవసరం లేదు. బస్ పాస్ చాలు.