‘ఖాళీ లేదు’ అన్నాక ఆ రాత్రి ఎవరి బాధ్యత?

రాత్రి పదకొండు గంటలకి ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని కట్టుబట్టలతో ఇల్లు వదిలి వచ్చిన స్త్రీకి మనం ఏం చెబుతాం? హోంకి వెళ్ళమంటాం. అక్కడ ‘ఖాళీ లేదమ్మా, పొద్దున రండి’ అంటారు. కొన్నేళ్ళ క్రితం అలాంటి ఒకామె కోసం నేను మూడు చోట్లకి ఫోన్లు చేశాను. ఒకచోట నిండిపోయింది. ఒకచోట పోలీసుల ఉత్తరం కావాలన్నారు. మరోచోట పదమూడేళ్ళ కొడుకుని రానివ్వమన్నారు. ఆ రాత్రి ఆమె ఒక పెద్దాసుపత్రి వరండాలో, రోగుల బంధువుల మధ్య పిల్లల్ని పడుకోబెట్టి తను కూర్చునే తెల్లవార్చింది. మర్నాడు భర్త దగ్గరికే వెళ్ళిపోయింది. ‘రాజీపడింది’ అన్నారు అందరూ. తలదాచుకునే చోటు లేకపోవడాన్ని రాజీ అని పిలవడం మన సమాజానికి బాగా అలవాటు.

కాగితం మీద మనకి తక్కువేమీ లేదు. బాధితురాలు గానీ, ఆమె తరఫున రక్షణాధికారి గానీ అడిగితే ఆశ్రయ గృహం నిర్వాహకులు చోటు ఇచ్చి తీరాలని 2005 నాటి గృహహింస చట్టం 6వ సెక్షన్ చెబుతోంది. 2015లో మొదలైన సఖి కేంద్రాల మార్గదర్శకాలు అయిదు రోజుల వరకూ బస ఇవ్వమన్నాయి. అయితే హోం నిజంగానే నిండిపోతే ఆ బాధ్యత ఎవరి మీదికి వెళుతుంది? ఆ సెక్షన్‌లో దీనికి జవాబు లేదు.

నిండిపోవడం అనుకోకుండా జరిగేదేమీ కాదు. 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ నిబంధన ప్రకారం లక్ష పట్టణ జనాభాకి కనీసం 100 మందికి శాశ్వత వసతి ఉండాల్సింది. 2011 జనాభా లెక్కల్లో పట్టణాల్లో ఇళ్ళు లేనివారు 9.38 లక్షల మంది. అంటే లక్షకి దాదాపు 250 మంది. ఆ కనీస నిబంధనని అక్షరాలా అమలు చేసినా 150 మంది బయటే మిగిలేవారు. పైగా ఇది ఫిబ్రవరి 28 రాత్రి, ఆరుబయట కనబడినవాళ్ళని లెక్కపెడితే వచ్చిన అంకె. చీకటి పడితే భయపడి ఆసుపత్రి వరండాల్లో, బంధువుల వంటింట్లో సర్దుకునే స్త్రీలు ఇందులో ఎంతమంది ఉంటారు? ముందు లెక్కలోకి రాకుండా చేసి, ఆ తర్వాత ‘ఆడవాళ్ళు ఎక్కువమంది రావడం లేదు కదా’ అంటూ వాళ్ళ మంచాలు తగ్గిస్తారు.

డబ్బు లేదు, స్థలం లేదు అనే మాటని మనం నమ్మనక్కరలేదు. తుఫాను హెచ్చరిక రాగానే కోస్తా జిల్లాల్లో బడులూ కల్యాణ మండపాలూ ఒక్క పూటలో పునరావాస కేంద్రాలవుతాయి. ‘బడి నిండింది, నువ్వు సముద్రం ఒడ్డునే ఉండు’ అని ఏ తహసీల్దారూ అనడు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టిన వారంలోపే దేశవ్యాప్తంగా 21 వేల పైచిలుకు శిబిరాల్లో 6.6 లక్షల మందికి బస ఇచ్చామని కేంద్రమే సుప్రీంకోర్టుకి చెప్పింది. అప్పుడు దొరికిన చోటు ఇప్పుడెందుకు దొరకదు? తుఫాను విపత్తు కాబట్టి. భర్త తన్ని వెళ్ళగొట్టడం ‘ఇంటి గొడవ’ కాబట్టి.

ఇంగ్లండులో గర్భిణులూ, పిల్లలున్నవాళ్ళూ నిలువనీడ లేక వస్తే విచారణ పూర్తయ్యేదాకా తాత్కాలిక బస చూపించడం స్థానిక కౌన్సిల్ చట్టబద్ధ విధి. గృహహింస వల్ల ఇల్లు కోల్పోయినవాళ్ళకి 2021 నుంచి అదే ప్రాధాన్యం వచ్చింది. హాస్టళ్ళు నిండితే లాడ్జీలో గది తీసుకునైనా ఇవ్వాలి. అక్కడా కుటుంబాలు నెలల తరబడి అలాంటి గదుల్లో మగ్గుతున్న మాట నిజమే. కానీ ‘ఖాళీ లేదు’ అని చేతులు దులుపుకునే వీలు చట్టం ఇవ్వలేదు.

మనం అడగాల్సిందీ అదే. హోం నిండితే ఆ రాత్రే మరోచోటు చూపించే బాధ్యత జిల్లా యంత్రాంగానిదని నిబంధన రావాలి. అందుకు ముందే గుర్తించిన హాళ్ళూ, రక్షణాధికారి చేతిలో లాడ్జీ గదికి సరిపడా డబ్బూ ఉండాలి. ఉత్తరాలూ సంతకాలూ తెల్లారాక చూసుకోవచ్చు. మగపిల్లాడి వయసు తల్లిని గుమ్మంలో ఆపకూడదు. వెనక్కి పంపిన ప్రతి స్త్రీ గురించీ రిజిస్టరులో రాయాలి.

ఎందరిని చేర్చుకున్నారో ప్రభుత్వాలు ఏటా చెబుతూనే ఉంటాయి. ఎందరిని తిప్పి పంపారో అడగడం మన పని.