సభ్యుల రిజిస్టరుకు వీధి తలుపు వద్దు



కిందటి నెల జమాఖర్చుల పట్టీలో ‘క్లౌడ్ నాట్’ అని ఒక కొత్త పద్దు కనిపించేసరికి చాలామంది అడిగారు. “సర్వర్‌కు అద్దె కడుతూనే ఉన్నాం కదా, మళ్లీ ఇదేమిటి?” అని కొందరు. “రెండు మిషన్లకూ నేరుగా ఇంటర్నెట్ చిరునామా ఇచ్చేస్తే పోలేదా, పిల్లలు ఇంటినుంచే పని చూసుకుంటారు” అని కొందరు. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ పద్దు తీసేయాలన్న మాట కూడా లేచింది. తీసేయకూడదని మా అభిప్రాయం. ఎందుకో చెప్పడానికే ఇంత పొడుగు ఉత్తరం.

మేము కంప్యూటర్ చదువు చదివినవాళ్లం కాదు. తమిళ మీడియంలో చదువుకుని, ఇంట్లో అమ్మ దగ్గర తెలుగు అక్షరాలు దిద్దుకుని, రైల్వేలో గుమాస్తాగిరి చేసి రిటైరైనవాళ్లం. కానీ రిజిస్టరు అంటే ఏమిటో, దాని తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలో మాకు తెలుసు. ఈ విషయానికి ఆ మాత్రం తెలిస్తే చాలు. మిగతాది మన పిల్లలను కూర్చోబెట్టి అడిగి తెలుసుకున్నాం.

ముందు, ఆ రెండు మిషన్లలో ఏముందో గుర్తు చేసుకుందాం. ఒకదానిలో సభ్యుల రిజిస్టరు ఉంది. పేర్లు, ఇంటి చిరునామాలు, ఫోన్ నంబర్లు, పెళ్లి సంబంధాల కోసం తల్లిదండ్రులు ఇచ్చిన ఆడపిల్లల, మగపిల్లల వివరాలు, చదువు సాయానికి పెట్టుకున్న అర్జీలు, వాటితో ఇచ్చిన ఆదాయపు కాగితాలు అన్నీ అందులోనే. రెండోది పాత కాగితాలను స్కాన్ చేసి సర్దే మిషను. తాతల నాటి మినిట్స్ పుస్తకాలు, సత్రం పత్రాలు, చేతిరాత లెక్కలు దాని గుండానే పోతాయి. మొదటిదానిలో ఉన్నది సంఘం ఆస్తి కాదు. మనల్ని నమ్మి ఇళ్లవాళ్లు ఇచ్చిన సమాచారం. ఏ నిర్ణయమైనా ఇక్కడినుంచి మొదలుపెట్టాలి.

ఇప్పుడు నాట్ సంగతి. నెట్‌వర్క్ అడ్రస్ ట్రాన్స్‌లేషన్ అన్న మాటకు అది పొట్టి పేరు, చిరునామా మార్చి పంపడం అని అర్థం. రైల్వే ఆఫీసుల్లో డిస్పాచ్ సెక్షన్ ఉండేది. ఎస్టాబ్లిష్‌మెంట్ కానీ, అకౌంట్స్ కానీ, స్టోర్స్ కానీ, ఏ సెక్షన్ ఉత్తరమైనా డిస్పాచ్ క్లర్కు దగ్గరికే రావాలి. ఆయన దానికొక నంబరు వేసి, అది ఏ సెక్షన్‌దో రిజిస్టర్లో రాసుకుని, ఆఫీసు చిరునామా మీద పంపుతాడు. బయటివాళ్లకు తెలిసేది ఆ ఒక్క చిరునామానే. జవాబు ‘మీ ఉత్తరం నంబరు ఫలానా’ అంటూ వస్తుంది. రిజిస్టరు తిరగేసి సరైన సెక్షన్‌కు చేరుస్తాడు.

నాట్ చేసేదీ అచ్చంగా ఇదే. మన మిషన్లకు 10తో మొదలయ్యే లోపలి చిరునామాలు ఉంటాయి, అవి బయట చెల్లవు. మిషను బయటికి ఏదైనా అడగాలంటే నాట్ ఆ లోపలి చిరునామా తీసి, బయట చెల్లే చిరునామా ఒకటి పెట్టి, పోర్టు అనే నంబరు వేసి పంపుతుంది. జవాబు వస్తే నంబరు చూసి లోపలికి చేరుస్తుంది. లోపల ఎవరూ అడగనిది బయటినుంచి వస్తే పడేస్తుంది. మన మిషన్లు బయటికి వెళ్లాల్సింది భద్రతా అప్‌డేట్లు తెచ్చుకోవడానికీ, ఎస్సెమ్మెస్‌లు పంపడానికీ. అంటే బయటికి పోవాలి, కానీ ఎవరూ నేరుగా లోపలికి రాకూడదు. నాట్ సరిగ్గా ఆ అవసరానికి సరిపోతుంది.

ఇది మనకోసం కొత్తగా పుట్టినది కాదు. పాత పద్ధతి ఇంటర్నెట్ చిరునామాలు మొత్తం సుమారు 430 కోట్లే. అవి చాలవని ముందే తెలిసి, 1994లోనే ఈ ఏర్పాటును కాగితం మీద పెట్టారు. 2011 ఫిబ్రవరిలో ప్రపంచ నిల్వ అయిపోయింది. ఇప్పుడు మీ ఇంటి వైఫై పెట్టె లోపల నడుస్తున్నదీ ఇదే. నాలుగు ఫోన్లు, ఒక టీవీ, అన్నీ ఒకే బయటి చిరునామా మీద పోతున్నాయి.

మన సర్వర్లు గూగుల్ క్లౌడ్‌లో ఉన్నాయి కాబట్టి అక్కడి పద్ధతి చెబుతాం. మిషన్లు ఉన్న ప్రాంతంలోనే, వాటి నెట్‌వర్క్ మీద, ముందుగా క్లౌడ్ రౌటర్ అని ఒకటి సృష్టించాలి. దాని కింద నాట్ గేట్‌వే పెట్టాలి. ఏ సబ్‌నెట్‌కు వర్తించాలో, బయటి చిరునామా ఏదో, లాగులు ఎంతవరకు రాయాలో చెప్పాలి. అంతే. పేరులో రౌటర్ అని ఉన్నా మన సమాచారం దాని గుండా పోదు. నాట్ ఎలా నడవాలన్న ఏర్పాటు మాత్రం దాని కింద నమోదై ఉంటుంది. కంట్రోల్ ఆఫీసులో కూర్చున్న కంట్రోలర్ రైలు నడపడు, అయినా ఆయన ఆర్డరు మీదే రైలు నడుస్తుంది. అలాగన్నమాట.

ఇక్కడ మూడు చోట్ల మన కార్యవర్గం కళ్లు తెరిచి చూడాలి.

ఒకటి, బయటి చిరునామా. దాన్ని గూగుల్ తనే ఇచ్చేలా వదిలేయవచ్చు, లేదా ఒకటి రిజర్వు చేసి ఇవ్వవచ్చు. ఎస్సెమ్మెస్‌లు పంపే సేవలవాళ్లు ‘మీరు ఏ చిరునామా నుంచి వస్తారో ముందే చెప్పండి, దానికే అనుమతి ఇస్తాం’ అని అడగడం మామూలే. కాబట్టి రిజర్వు చేసినదే పెట్టాలి. లేకపోతే ఆ చిరునామా మారిన రోజున ఉగాది సందేశాలు ఆగిపోతాయి, ఎందుకు ఆగాయో ఎవరికీ అంతుపట్టదు.

రెండు, పోర్టుల లెక్క. ఒక్క బయటి చిరునామాకు 64,512 పోర్టులు ఉంటాయి. స్థిరంగా కేటాయించే పద్ధతిలో, మనం మార్చకపోతే మిషనుకు వచ్చేవి 64. రోజువారీ పనికి అవి చాలు. కానీ పండగ రోజు వందల సందేశాలు ఒకే సేవకు ఒకేసారి తోస్తే 64 దాటినవి వెనక్కి తగ్గుతాయి. అప్పుడు ‘నెట్ పోయింది’ అని గోల పెట్టకుండా ఆ అంకె పెంచాలి. లాగుల్లో పొరపాట్లు మాత్రం రాసేలా పెట్టుకుంటే కారణం అక్కడ కనిపిస్తుంది.

మూడు, డబ్బు. నాట్‌కు గంటల లెక్కన ఒక రుసుము, దాని గుండా పోయిన డేటా జీబీల లెక్కన మరొకటి. బయటి చిరునామాకు అద్దె వేరే. అలాగని ప్రతి మిషనుకూ బహిరంగ చిరునామా ఇస్తే ఉచితం అనుకోకండి, దానికీ గంట లెక్కన అద్దె ఉంది. స్కాన్ చేసిన పాత కాగితాలు గూగుల్ స్టోరేజీలోకే పోతాయి కాబట్టి ఆ దారి నాట్ గుండా పోదు, ఆ బరువు ఈ పద్దులో పడదు. కోశాధికారిగారు బడ్జెట్ హెచ్చరిక పెట్టించాలి. అయితే ఆ హెచ్చరిక మెయిల్ పంపుతుంది తప్ప ఖర్చును ఆపదు. నెలకొకసారి మనిషే చూడాలి.

ఇక అభ్యంతరాల సంగతి. “మనది చిన్న సంఘం, మనల్ని ఎవరు పట్టించుకుంటారు?” అన్నది మొదటిది. పట్టించుకునేది మనిషి కాదు, ప్రోగ్రాము. 2013లోనే మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్లు ఒకే కంప్యూటర్‌తో ఆ పాత పద్ధతి చిరునామాలన్నింటినీ 45 నిమిషాల లోపల తట్టి చూడవచ్చని చూపించారు. వీధిలో తలుపున్న ప్రతి ఇంటినీ తట్టుకుంటూ పోయేవాడికి ఇది పెద్ద ఇల్లా, చిన్న ఇల్లా అన్న పట్టింపు ఉండదు.

“నాట్ పెట్టాం కదా, ఇక భయం లేదు” అన్నది రెండోది. ఇదీ తప్పే. డిస్పాచ్ క్లర్కు వాచ్‌మన్ కాడు. వాచ్‌మన్ పని ఫైర్‌వాల్‌ది. గూగుల్ క్లౌడ్ మొదట తనే ఇచ్చే డిఫాల్ట్ నెట్‌వర్క్‌లో ఎస్ఎస్‌హెచ్ లాగిన్‌కు లోకమంతటికీ అనుమతి ఇచ్చే నియమం ఉంటుంది. మిషనుకు బహిరంగ చిరునామా లేనంతకాలం ఆ నియమం నిద్రపోతుంది. ఎవరో ఒకరు సౌకర్యం కోసం ఒక్కరోజు చిరునామా తగిలించారంటే నిద్రలేస్తుంది. కాబట్టి ఆ నియమం తీసేయాలి. మన పిల్లలు లోపలికి వెళ్లడానికి ఐడెంటిటీ అవేర్ ప్రాక్సీ అనే వేరే దారి ఉంది. ఖాతా చూసి, మనిషిని గుర్తించి పంపుతుంది. మిషనుకు బహిరంగ చిరునామా అక్కర్లేదు. ఆ దారి నుంచి వచ్చే 35.235.240.0/20 వరుసకు మాత్రం ఫైర్‌వాల్‌లో అనుమతి చాలు. వెబ్‌సైటు చూసేవాళ్లు లోడ్ బ్యాలెన్సర్ అనే ముందుగది దాకానే వస్తారు. వాళ్లూ రిజిస్టరు గదిని చూడరు.

“పిల్లలు చూసుకుంటారులే” అన్నది మూడోది. మాకు అన్నింటికంటే బరువుగా తోచేది ఇదే. పిల్లలు బంగారాలు, జీతం లేకుండా రాత్రుళ్లు కూర్చుని చేశారు. కానీ ఈరోజు ఇక్కడున్న అబ్బాయి వచ్చే ఏడు బెంగళూరులో ఉంటాడు, ఆ పై ఏడు అమెరికాలో. ఇదివరకు మనకు పని చేసిపెట్టిన ఒక సంస్థ సెలవు తీసుకున్నాక పాస్‌వర్డు కోసం ఎన్ని వారాలు తిరిగామో పాత కార్యదర్శులకు గుర్తుంది. ఖాతా ఒక మనిషి సొంత మెయిల్ మీద ఉంటే ఎంత గట్టి నాట్ పెట్టినా ఆ తాళంచెవి సంఘానిది కాదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం సమాచారాన్ని తీసుకున్నవాళ్ల మీదే దాన్ని కాపాడే బాధ్యత పెట్టింది. రేపు ఏదైనా జరిగితే ‘ఆ అబ్బాయి చూసుకునేవాడు’ అన్న మాట ఏ తల్లికీ జవాబు కాదు.

అందుచేత సమావేశంలో మూడు తీర్మానాలు పెట్టమని కోరుతున్నాం. నాట్ పద్దు కొనసాగాలి, ఏ మిషనుకూ కార్యవర్గం రాతపూర్వక అనుమతి లేకుండా బహిరంగ చిరునామా ఇవ్వకూడదు. క్లౌడ్ ఖాతా సంఘం పేరు మీదకు రావాలి, పూర్తి అధికారం కనీసం ఇద్దరి చేతుల్లో ఉండాలి. రౌటరు, నాట్, ఫైర్‌వాల్ ఎలా పెట్టారో నాలుగు పేజీల్లో రాసి మినిట్స్ పుస్తకంలో అంటించాలి. ఆ నాలుగు పేజీలు తెలుగులోనూ తమిళంలోనూ ఉండాలి. మన పిల్లల్లో తెలుగు మాట్లాడి చదవలేనివాళ్లు ఎక్కువ, మన పెద్దల్లో ఇంగ్లీషు మాన్యువల్ చదవలేనివాళ్లు ఎక్కువ. ఇద్దరికీ అందాలి.

ఖర్చు ఎక్కువనిపిస్తే దాని మీద చర్చిద్దాం. రెండు మిషన్లు అక్కర్లేదనుకుంటే ఒకటి తీసేద్దాం. అవసరం తీరిన అర్జీలను, పెళ్లిళ్లు అయిపోయినవాళ్ల వివరాలను చెరిపేద్దాం, అది ఇంకా మంచిది. కానీ మన ఆడపిల్లల ఫోన్ నంబర్లు ఉన్న రిజిస్టరుకు వీధిలోకి తలుపు పెట్టి నెలకు కొన్ని రూపాయలు మిగిలాయని చెప్పుకోవడం మాత్రం మనకు తగదు. తప్పకుండా రండి, చేతులెత్తండి.

ఇట్లు,
సంఘంలోని రిటైర్డ్ గుమాస్తాలం