మా ముక్కులే మీటర్లా?

ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి ఛైర్మన్ గారికి,

విశాఖ శివార్లలో, ఫార్మా కంపెనీల పక్కన కాపురం మాది. కొన్ని రాత్రులు కుళ్లిన గుడ్డు కంపుకి మెలకువ వస్తుంది. కిటికీలు మూసి, తలుపు సందుల్లో తడిగుడ్డలు కుక్కుతాం. తెల్లారి ఫ్యాక్టరీకి ఫోన్ చేస్తే, "ఇప్పుడు వాసన వస్తోందా అండీ?" అంటారు.

ఆ కంపు కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుతో చిక్కే ఇది. గాలిలో పది లక్షల వంతుల్లో ఒక వంతు లేకపోయినా ముక్కు పసిగడుతుంది. నూరు వంతులు దాటాక వాసన తెలియడమే మానేస్తుంది. కంపు పోయిందని ఊపిరి పీల్చుకున్నవాడే పడిపోతాడు.

లేజర్ పరికరానికి ఆ జబ్బు లేదు. ఆ వాయువు పీల్చుకునే రంగు కిరణాన్నే (కంటికి కనబడనిది లెండి) ఫ్యాక్టరీ ప్రహరీ ఈ మూల నుంచి ఆ మూలకి పంపితే, ఎంత తగ్గి చేరిందో చూసి క్షణాల్లో లెక్క తేలుస్తుంది. దట్టమైన మంచులో తడబడుతుంది, నిజమే. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలో వెంకటాపురం మీదికి లీకై వచ్చిన స్టైరీన్ వాయువు లాంటి పెద్ద అణువులకి వేరే పరికరం కావాలి, అదీ నిజమే.

అయినా పెట్టించండి. అంకెలు మీ ఆఫీసు తెరమీదే కాదు, మా పంచాయతీ గోడమీదా కనబడాలి. సైరన్‌ని యంత్రమే మోగించాలి. ఆ స్విచ్ ఫ్యాక్టరీ చేతిలో వద్దు.

ఇట్లు,
కిటికీలు మూసుకు పడుకునే ఒక గృహస్థు