గీసిన బొమ్మ, తీసిన బొమ్మ

1937 డిసెంబరు 21వ తేదీ రాత్రి లాస్ ఏంజెలిస్ నగరంలోని కార్తే సర్కిల్ థియేటరులో ఒక విచిత్రం జరిగింది. కాగితం మీద గీసిన ఒక బొమ్మ కన్నుమూసిందని తలచి, హాలీవుడ్ ప్రముఖులు పలువురు కంటతడి పెట్టారు. ఆ బొమ్మ పేరు స్నో వైట్. అంతవరకు కార్టూను అంటే అసలు సినిమాకు ముందు ఏడెనిమిది నిమిషాలు నవ్వించి పోయే చిల్లర వినోదంగానే చెలామణి అయ్యేది. గంటకు పైగా బొమ్మలను చూస్తూ ఎవరు కూర్చుంటారని వాల్ట్ డిస్నీని ఎగతాళి చేసినవారు కొల్లలు. పరిశ్రమలో ఆ చిత్రానికి ‘డిస్నీ పిచ్చిపని’ అన్న పేరు కూడా స్థిరపడింది. సుమారు 15 లక్షల డాలర్లు మింగిన ఆ పిచ్చిపని చలనచిత్ర చరిత్రలో ఒక కొత్త అధ్యాయానికి నాంది పలికింది.

సెకనుకు 24 ఫ్రేముల చొప్పున 83 నిమిషాల నిడివికి లెక్కకట్టి చూడండి. దాదాపు లక్షా ఇరవై వేల ఫ్రేములు తేలుతాయి. వాటన్నిటి వెనుకా ఉన్నది పెన్సిలు పట్టిన మనిషి చేయి.

ఎనభై ఏడేళ్లు గడిచాక, 2025 మార్చిలో, అదే సంస్థ అదే కథను నటీనటులతో తిరిగి తీసి విడుదల చేసింది. ఇది ఒంటరి ప్రయత్నం కాదు. 2015లో ‘సిండ్రెల్లా’, 2016లో ‘ది జంగిల్ బుక్’, 2017లో ‘బ్యూటీ అండ్ ది బీస్ట్’, 2019 ఒక్క సంవత్సరంలోనే ‘డంబో’, ‘అల్లాదీన్’, ‘ది లయన్ కింగ్’, 2020లో ‘ములాన్’, 2023లో ‘ది లిటిల్ మెర్మెయిడ్’ – తన పాత కార్టూను చిత్రాలను ఎన్నిటినో డిస్నీ సంస్థ వరుసగా మనుషులతోనో, మనుషులను మరపించే కంప్యూటరు చిత్రణతోనో మళ్లీ తీస్తూ వచ్చింది. ఇవి మాతృకలకు సాటి రాగలవా అన్నది పిల్లలున్న ప్రతి ఇంటా ఏదో ఒక సెలవు రోజున తలెత్తే ప్రశ్న.

వసూళ్లను అడిగితే సూటి సమాధానం దొరకదు. 2019 నాటి ‘లయన్ కింగ్’ ప్రపంచవ్యాప్తంగా 160 కోట్ల డాలర్లకు పైగా ఆర్జించింది. 2025 నాటి ‘స్నో వైట్’ పెట్టిన ఖర్చును కూడా థియేటర్లలో రాబట్టుకోలేకపోయింది. ఆ తరువాత రెండు నెలలకే వచ్చిన ‘లీలో అండ్ స్టిచ్’ మళ్లీ వంద కోట్ల డాలర్లు దాటింది. తెలిసిన పేరుకు టిక్కెట్టు తెగడం సులభమన్న వ్యాపార సూత్రం ఈ పరంపర వెనుక ఉన్నదనడంలో సందేహం లేదు. అయితే డబ్బు కోసం తీసినంత మాత్రాన చిత్రం చెడ్డది కానక్కరలేదు. 1937లో డిస్నీ కూడా ధర్మకార్యంగా సినిమా తీయలేదు గదా!

ఒకసారి చెప్పిన కథను మళ్లీ చెప్పడం కూడా దోషం కాదు. ఆ మాటకు తెలుగువారికంటే పెద్ద సాక్షులు ఎవరు? 1936లోనే శశిరేఖా పరిణయ గాథ తెలుగులో తెరకెక్కింది. అయినా 1957లో కె.వి. రెడ్డిగారు ‘మాయాబజార్’ తీసినప్పుడు ‘తెలిసిన కథే గదా’ అని ఎవరూ మొహం చాటేయలేదు. తరువాత వచ్చిందే తరతరాలకు నిలిచింది. కనుక మళ్లీ తీశారన్నది ఫిర్యాదు కాజాలదు. మళ్లీ తీసినప్పుడు కొత్తగా ఏమి చెప్పారు, ఉన్నదానిలో ఏమి పోగొట్టారు – తూచవలసినది ఈ రెండే.

ఇందుకు గీసిన బొమ్మకు ప్రాణం ఎక్కడినుంచి వస్తుందో కొంత తెలుసుకోవాలి. 1942లో విడుదలైన ‘బాంబి’ కోసం చిత్రకారులు లేళ్లను అధ్యయనం చేయడానికి నిజమైన జింకపిల్లలను స్టూడియోకే తెప్పించారు. ‘స్నో వైట్’కూ, 1950 నాటి ‘సిండ్రెల్లా’కూ ముందుగా నటీనటుల చేత అభినయింపజేసి, ఆ ఫిలిమును చూసుకుంటూ గీశారు. అంటే నిజం ఎట్లా ఉంటుందో వారికి తెలియక కాదు. తెలిసిన పిమ్మట వారు గ్రహించిన రహస్యం ఒకటున్నది: ఫోటోను ఉన్నదున్నట్లు గీతలలోకి దింపితే బొమ్మ బిగుసుకుపోతుంది. కదలికను కొంత సాగదీయాలి, కొంత కుదించాలి, భావాన్ని ఒక పాలు పెంచాలి, అక్కరలేనిదాన్ని నిర్దాక్షిణ్యంగా వదిలివేయాలి. ఈ సూత్రాలను ఆ తరం చిత్రకారులైన ఫ్రాంక్ థామస్, ఆలీ జాన్‌స్టన్‌లు 1981లో ఒక గ్రంథంగా వెలువరించారు. నేటికీ యానిమేషన్ విద్యార్థులకు అది పాఠ్యగ్రంథం వంటిది.

మన తోలుబొమ్మలాట కళాకారులకు ఈ సంగతి ఎవరూ నేర్పనక్కరలేకపోయింది. ధర్మవరం దాపున నిమ్మలకుంటలో నేటికీ చేసే తోలుబొమ్మలను చూడండి. రాముడి కన్ను మనిషి కన్నులా ఉండదు, ముఖంలో సగభాగం ఆక్రమించి ఉంటుంది. తెర వెనుక దీపం వెలగగానే ఆ కన్నే మాట్లాడుతుంది. కొలతలు సరిచేసి మనిషి కన్ను అతికిస్తే బొమ్మ సహజమవుతుందేమో గాని, వెనుక వరుసలో కూర్చున్న ముసలమ్మకు రాముడి దుఃఖం అందదు.

2019 నాటి ‘లయన్ కింగ్’ చేసిన పని సరిగ్గా అదే. ఆ చిత్రాన్ని మనుషులతో తీసినవాటి కోవలో చేర్చడమే ఒక చమత్కారం. అందులో మనిషి అన్నవాడే లేడు. కంప్యూటరులో సృష్టించిన 1,490 షాట్లకు తోడు, ఆఫ్రికాలో నిజంగా కెమెరాతో తీసినది ఒకే ఒక్క షాటు అని దర్శకుడు జాన్ ఫావ్రో స్వయంగా వెల్లడించారు. తక్కిన సింహాలు, గడ్డిమైదానాలు, ధూళి, సూర్యకాంతి అన్నీ కల్పితాలే. సాంకేతిక ప్రతిభగా దానికి చేతులెత్తి నమస్కరించవలసిందే. జూలులోని ఒక్కొక్క వెంట్రుకా గాలికి విడివిడిగా కదులుతుంది.

కాని నిజమైన సింహానికి కనుబొమలు లేవు. పెదవులు వణకవు. 1994 నాటి చిత్రంలో, చనిపోయిన తండ్రి ముఫాసా చేయి కింద దూరి పడుకునే సింబా ముఖాన్ని గుర్తు చేసుకోండి. నాలుగు గీతలలో భయమూ, నమ్మలేనితనమూ, ఏడుపూ ఒకదాని వెంట ఒకటి వచ్చిపోతాయి. 2019 చిత్రంలో అదే సంఘటన, అదే సంగీతం, దాదాపు అవే మాటలు. ముఖం మాత్రం వన్యప్రాణుల డాక్యుమెంటరీలోని ముఖం. రాజునవుతానని సింబా ఉబలాటపడే పాటలో పాత చిత్రం అడవినే రంగురంగుల వస్త్రంగా మార్చి, జంతువులను ఒకదానిపై ఒకటి గోపురంలా నిలబెట్టింది. కొత్త చిత్రంలో పిల్లసింహాలు నీటిగుంట పక్కన పరుగెత్తుతాయి, అంతే. దుష్టుడైన స్కార్ పాటలో హైనాల కవాతూ, పచ్చని పొగలూ మాయమై, పాట సగం మాటలుగా కరిగిపోయింది. నిజం సింహం కవాతు చూడదు గదా! తెలుగులో జగపతిబాబు, నాని తమ గొంతులతో ఎంత భావం పలికించినా, పలికిన భావానికి తగిన ముఖం తెరమీద కనిపించలేదు.

ఇంతటితో తీర్పు చెప్పి లేవవచ్చు. కాని అదే దర్శకుడు అంతకు మూడేళ్ల ముందు, అదే రకమైన సాంకేతికతతో తీసిన చిత్రమొకటి అడ్డు వస్తున్నది. అది 2016 నాటి ‘ది జంగిల్ బుక్’.

బొంబాయిలో పుట్టిన రడ్యార్డ్ కిప్లింగ్ 1894లో ఆ కథలను ప్రచురించాడు. మధ్యప్రదేశ్‌లోని సియోనీ కొండలు వాటికి రంగస్థలం. 1967లో వచ్చిన కార్టూను చిత్రం వాల్ట్ డిస్నీ స్వయంగా పర్యవేక్షించిన చివరి చిత్రాలలో ఒకటి. అది విడుదలయ్యేనాటికి ఆయన మరణించి పది నెలలైంది. కిప్లింగ్ కథలలోని గాంభీర్యాన్ని ఆయన బుద్ధిపూర్వకంగానే పక్కన పెట్టించాడు. బలూ ఎలుగు ఆడుతూ పాడుతూ తిరిగే సోమరి అయింది. మూలంలో మౌగ్లీకి మిత్రుడైన కా అనే కొండచిలువ విలన్‌గా మారింది. మూలంలో లేనే లేని కోతిరాజు లూయీ జాజ్ పాట పాడాడు. ఫలితం ఆహ్లాదకరమైన షికారు. అందులో అడవి ఎక్కడా భయపెట్టదు.

2016 చిత్రం ఆ లోటును పూరించింది. లాస్ ఏంజెలిస్‌లో నాలుగు గోడల మధ్య తీసినా, అడవి అడవిలాగే ఉన్నది. నీల్ సేఠీ అనే భారత సంతతి బాలుడు ఒక్కడే అందులో కంటికి కనిపించే ప్రధాన నటుడు. ఒంటినిండా గీరుకున్న గాయాలతో, చుట్టూ తనకన్నా పదింతలు పెద్ద మృగాలతో వాడు నిలబడినప్పుడు, ‘అయ్యో, పసివాడు’ అనిపిస్తుంది. గీసిన మౌగ్లీని చూసి ఎవరికీ ఆ గాబరా కలగలేదు. జంతువుల ముఖాలు పలకనిచోట ఆ బాలుడి ముఖం పలికింది. ముగింపు కూడా మారింది. పాత చిత్రంలో మౌగ్లీ నీళ్లకు వచ్చిన అమ్మాయి వెంట ఊళ్లోకి వెళ్లిపోతాడు. కొత్త చిత్రంలో, మనిషి తెలివితేటలను వెంటబెట్టుకునే, అడవిలోనే నిలిచిపోతాడు. అందులో ఒక ఆలోచన ఉన్నది. ఆ ఏడాది ఉత్తమ విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ దానికే దక్కింది.

దర్శకుడు ఒకడే, పరికరాలు దాదాపు ఒకటే, ఫలితాలు రెండు. కనుక గెలుపోటములు యంత్రం చేతిలో లేవు. గీత చెప్పలేకపోయినది ఏదో ఒకటి మిగిలి ఉండి, దాన్ని చెప్పడానికి రెండో చిత్రం పుట్టినప్పుడే అది తన కాళ్లమీద నిలబడింది. 2015 నాటి ‘సిండ్రెల్లా’ ఇందుకు మరో సాక్ష్యం. 1950 చిత్రంలో సవతి తల్లి కేవలం దుష్టురాలు. కెన్నెత్ బ్రానా దర్శకత్వంలో కేట్ బ్లాంచెట్ ధరించిన సవతి తల్లికి గతమున్నది, ప్రేమించిన భర్తను పోగొట్టుకున్న వేదన ఉన్నది. ఆమె చేసిన క్రౌర్యాన్ని మనం క్షమించం, కాని అర్థం చేసుకుంటాం. అది మంచి నటి ముఖం మాత్రమే ఇవ్వగల వరం.

ఇందుకు భిన్నంగా 1992 నాటి ‘అల్లాదీన్’లోని జీనీని తీసుకోండి. రాబిన్ విలియమ్స్ గొంతు ఒక్క వాక్యంలో నాలుగు వేషాలు మారిస్తే, ఎరిక్ గోల్డ్‌బర్గ్ పెన్సిలు కూడా నాలుగు రూపాలు మార్చేది. 2019లో విల్ స్మిత్ ఎంత ఉత్సాహంగా నటించినా, తెలుగులో వెంకటేశ్ ఎంత సరదాగా పలికినా, ఎముకలున్న దేహం పొగలా మారలేదు.

నిడివి సంగతి కూడా ఆలోచించదగినది. ‘డంబో’ 1941లో 64 నిమిషాలు, 2019లో 112. ‘లయన్ కింగ్’ 88 నుంచి 118కి, ‘బ్యూటీ అండ్ ది బీస్ట్’ 84 నుంచి 129కి పెరిగాయి. చేతితో గీసే రోజుల్లో ప్రతి సెకనూ చిత్రకారుల శ్రమ, సంస్థ ధనం. అక్కరలేని దృశ్యాన్ని గీయించే స్తోమత ఎవరికీ లేదు. ఆ పేదరికమే కథకు పొదుపు నేర్పింది.

అట్లాగని పాతదంతా బంగారమనడం అన్యాయం. ‘డంబో’లోని కాకుల చిత్రణ నల్లజాతివారిని కించపరిచేదిగా ఉన్నదని, 1955 నాటి ‘లేడీ అండ్ ది ట్రాంప్’లోని సయామీ పిల్లుల పాట ఆసియావాసులను వెక్కిరించేదని విమర్శలున్నాయి. 2019లో ఆ రెండు చిత్రాలనూ మళ్లీ తీసినప్పుడు కాకులనూ, ఆ పాటనూ వదిలివేశారు. పిల్లలు చూసే చిత్రంలో ఈ దిద్దుబాటు చిన్న విషయం కాదు.

అయినా ఈ వ్యవహారంలో మనం పోగొట్టుకోగలది ఒకటున్నది. 2011లో వచ్చిన ‘విన్నీ ద పూ’ తరువాత డిస్నీ స్టూడియో పూర్తిగా చేతిగీతతో నిడివైన థియేటరు చిత్రం తీయలేదు. పాత కథలకు కొత్త చర్మం తొడిగినకొద్దీ, ఆ కథలను పుట్టించిన చేతిపని అవసరం లేదన్న భావన బలపడుతుంది. చేతిపని గ్రంథాలలో బతకదు, చేతినుంచి చేతికి మాత్రమే సాగుతుంది. నడుమ ఒక తరం జారిపోతే తిరిగి రప్పించడం ఎంత కష్టమో మన నేతగాళ్లను అడిగితే చెబుతారు.

ఆశకు చోటు లేకపోలేదు. 2022లో ‘పినోకియో’ కథ రెండు విధాలుగా వచ్చింది. ఒకటి 1940 నాటి కార్టూనును అనుసరించి డిస్నీ సంస్థ నటులతో తీసినది, రెండవది గిల్యెర్మో డెల్ టోరో నిజమైన బొమ్మలను ఫ్రేము ఫ్రేముకూ చేతితో కదిలిస్తూ, ముస్సోలినీ కాలపు ఇటలీలో కథను నిలిపి తీసినది. మొదటిదాన్ని జనం త్వరలోనే మరచారు. రెండవది 2023లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ గెలుచుకున్నది.

మీ ఇంట్లో పిల్లలకు ఈ కథలు చూపదలిస్తే, గీసిన బొమ్మను ముందు చూపండి, తీసిన బొమ్మను తరువాత చూపండి. ఏది బాగుందని మాత్రం అడగకండి. కొత్తదానికి మెరుగులెక్కువ, ఆ ప్రశ్నకు అది సులువుగా గెలుస్తుంది. సింబా ఏ సినిమాలో ఏడ్చాడని అడగండి. పసివారి జవాబుకు ఏ విమర్శకుడి వ్యాఖ్యానమూ అక్కరలేదు.