సీసమునకు మినహాయింపు ఎన్నాళ్లు?

స్ఫటికమును నొక్కినచో విద్యుత్తు పుట్టునని 1880లో ఫ్రాన్సు దేశమున క్యూరీ సోదరులు కనుగొనిరి. ఆ పీడనవిద్యుత్తు నేడు మైక్రాను మందపు పొరలలో నిమిడి, సెల్‌ఫోనులందును, మైక్రోఫోనులందును, సిరా ముద్రణయంత్రములందును పనిచేయుచున్నది. ఈ పొరలలో మిక్కిలి బలము గలది పీజడ్‌టీ. దాని తూకములో సగమునకు మించి సీసమే.

సీసము పసిపిల్లల మెదడును చెఱచు విషము. అందుచేతనే ఐరోపా సమాఖ్య 2003లో శాసనము చేసి, 2006 జూలై నుండి విద్యుత్పరికరములలోని ప్రతి పదార్థమునను దానిని 0.1 శాతమునకు పరిమితము గావించినది. కాని ఆ శాసనమే పీడనవిద్యుత్ పింగాణులకు మినహాయింపు నొసగెను. మన దేశపు 2022 నాటి ఎలక్ట్రానిక్ వ్యర్థముల నిబంధనలును ఆ త్రోవనే నడిచినవి. ఒక చేత నిషేధము, మఱొక చేత అనుమతి!

“వేఱు గతి లేదు” అనుట ఉత్పత్తిదారుల వాదము. ఒక్కొక్క వోల్టునకు సీసపు పొర కదలినంతలో అల్యూమినియం నైట్రైడు పొర పదియవ వంతైనను కదలదట. లెక్క నిజమే, దానినుండి తీసిన తీర్పే తప్పు. ధ్వనిని వినవలసిన మైక్రోఫోనునకు కావలసినది కదలిక గాదు, వోల్టేజి. పుట్టిన విద్యుదావేశమును తనయందే యిముడ్చుకొను గుణము సీసపు పొరకు పెక్కురెట్లు అధికము. కావున ఆవేశ మధికమైనను వోల్టేజి ఆ మేరకు పెరుగదు. ఇచ్చట నైట్రైడు వెనుకబడదు.

మఱియు బలము పదార్థమున మాత్రమే లేదు, నిర్మాణమునను గలదు. దళసరి సిలికాను ఫలకమున కంటుకొన్న పొర ప్రక్కలకు సాగజాలక తన శక్తిలో కొంత కోల్పోవును. క్రింది ఫలకమును తొలిచి పొరకు స్వేచ్ఛ నొసగిన శిల్పుల చేతనే నైట్రైడు సెల్‌ఫోను ఫిల్టరులలో రాజ్యమేలుచున్నది. 2009లో జపాను పరిశోధకులు దానియందు స్కాండియము కలిపి, స్పందనమును సుమారు ఐదింతలు చేసిరి. దుర్బలమని త్రోసివేసిన పదార్థమిదియే గదా!

పెద్ద కదలిక కావలసిన ముద్రణయంత్రముల పని వేఱని మే మంగీకరింతుము. అయినను ఒకని అవసరము పదిమంది అలసత్వమునకు గొడుగు కారాదు. “పొరలో సీస మెంత? రవ్వంత!” యని కొంద రందురు. అట్లయిన, ఆ రవ్వంతను విడుచుటకు కష్టమేమి? పాతయంత్రములను పగులగొట్టి పొట్టపోసుకొను బీదల ఇండ్లకు చేరునది ఆ రవ్వల రాశియే.

కావున మా కోరిక యొక్కటే: మినహాయింపు గంపగుత్తగా వలదు. ఒక్కొక్క ఉపయోగమునకు విడివిడిగా, గడువుతో నుండవలెను. నిర్మాణమును మార్చి చూచితిమి, సీసము లేక సాగలేదు అని ఋజువు చేయు భారము కోరువానిదే కావలెను. ఋజువు లేని ప్రార్థన ఏ న్యాయస్థానమునను నిలువదు; ఇచ్చటను నిలువరాదు.