మన చేను మీద రాసిన పేపరు, మనకే తాళం

రైతు సోదరులారా, కొంచెం పెద్ద పోస్టు. ఊడుపుల హడావిడిలో ఉన్నా చివరిదాకా చదవండి.

ఉపగ్రహంతో మన పంట చూస్తున్నారని అందరికీ తెలిసిందే. ఎలా చూడాలి, లెక్క ఎంతవరకు సరిపోతుంది అన్నది శాస్త్రవేత్తలు వ్యాసాలుగా రాసుకునే పత్రికలు వేరే ఉన్నాయి. జర్నల్స్ అంటారు. ఇండియన్ సొసైటీ ఆఫ్ రిమోట్ సెన్సింగ్ వాళ్లకీ ఒకటి ఉంది. అచ్చేసేది మాత్రం స్ప్రింగర్ అనే విదేశీ కంపెనీ. తెరిచి చూడండి, వరి, పత్తి, చెరుకు, అన్నీ మన పంటలే. కానీ చాలా వ్యాసాలు డబ్బు కడితేనే తెరుచుకుంటాయి. తమాషా ఏంటంటే ఉపగ్రహం తీసిన బొమ్మ ఫ్రీ! ల్యాండ్‌శాట్ బొమ్మలు 2008 నుంచి ఫ్రీ, యూరప్ వాళ్ల సెంటినెల్ బొమ్మలూ ఫ్రీ. ఆ బొమ్మ చూసి మన చేను గురించి ఏం తేల్చారో దానికే తాళం.

"నీకెందుకయ్యా ఆ గొడవ" అంటారా? ఫసల్ బీమాలో 2023 ఖరీఫ్ నుంచి వరికి, గోధుమకి దిగుబడి లెక్కలో కనీసం 30 శాతం ఈ టెక్నాలజీ లెక్కకే ఇవ్వాలని పెట్టారు. అందుకు.

సెంటినెల్ బొమ్మలో ఒక చుక్క అంటే 10 మీటర్లకు 10 మీటర్లు, మన లెక్కలో రెండున్నర సెంట్లు. ల్యాండ్‌శాట్ చుక్క అయితే 22 సెంట్లు. ఆ 22 సెంట్లలో గట్టు, గట్టు మీద కొబ్బరిచెట్టు, పక్కనోడి మినుము అన్నీ కలిసిపోయి ఒకే రంగు. ఆగస్టులో మబ్బు పట్టిందా, కెమెరాకు అదీ లేదు. రాడార్ ఉపగ్రహం మబ్బులోంచి చూస్తుంది, కాదనను. మన ఊరికి ఏది వాడారో ఎవరైనా చెప్పారా?

మొన్నామధ్య మా ఊళ్లో మెడవిరుపు వచ్చింది. ఆకు పచ్చగా ఉంది, కంకి తెల్లబోయింది, కోస్తే అంతా తాలు. పైనుంచి ఆకు పచ్చదనం కొలిచేవాడికి అది బంగారంలాంటి చేను.

శాస్త్రవేత్తలను తిట్టడానికి రాయట్లేదు ఇది. మా మేనల్లుడు కాలేజీ లాగిన్‌తో రెండు వ్యాసాలు తీసి చదివి చెప్పాడు. చిన్న కమతాల్లో తప్పులొస్తాయి, నేల మీద కొలిచి సరిచూడాలి అని వాళ్లే నిజాయితీగా రాసుకున్నారు. ఆ మాట ఆఫీసు మెట్లు దిగి మన దగ్గరికొచ్చేసరికి మాయం! "శాటిలైట్ చెప్పింది" అంటే ఇక నోరెత్తకూడదు.

అసలు ఈ శాస్త్రం మన దేశంలో మొదలైంది రైతు చెట్టు దగ్గరే. 1970లో కేరళలో కొబ్బరికి వేరు తెగులు వస్తే పిషారటి గారి బృందం హెలికాప్టర్ నుంచి ఇన్‌ఫ్రారెడ్ ఫిల్ముతో ఫోటోలు తీసింది. ఇప్పుడేమో వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అని 2025 నుంచి మూడేళ్లకు 6,000 కోట్లు పెట్టి జర్నల్స్ కొన్నారు. ప్రభుత్వ కాలేజీలకు, పరిశోధన సంస్థలకు. మంచిదే. ఆ డబ్బులో మనం కొన్న డీజిల్ మీద పన్నూ ఉంది కదా, ఊళ్లో ఉన్నోడికి ఏది?

ఇంగ్లిషు రాకపోతే ఏం చేసుకుంటారని ఒకాయన నవ్వాడు. పురుగుమందు డబ్బా మీద ఇంగ్లిషు చదివే కదా ఇన్నేళ్లు కొట్టాం. మన పంట మీద రాసిన ప్రతి వ్యాసానికి తెలుగులో ఒక్క పేజీ సారాంశం అడుగుతున్నా, అంతే.

వచ్చే గ్రామసభలో నేను మూడు ప్రశ్నలు రాసిస్తున్నా. మన ఊరికి ఏ ఉపగ్రహం, ఏ తేదీల బొమ్మలు వాడారు? పంట కోత ప్రయోగం ఏయే సర్వే నంబర్లలో చేశారు? రెండు లెక్కలకూ తేడా ఎంత వచ్చింది? మీ ఊళ్లోనూ ఇవ్వండి. రసీదు మాత్రం తీసుకోవడం మర్చిపోకండి.