పలుగు పట్టిన యాత్రికులు

రైలుబండి కిటికీకడ గూర్చుండి కొండలను జూచి యానందించుట సులభము. ఆ బండి యెవరి చెమటవలన నడచుచున్నదో విచారించువారు తక్కువ. వేల్సు దేశమందలి పోర్త్‌మాడొగ్ అను చిన్న రేవుపట్టణమునకు బోయిన యాత్రికుడు ఈ విచారణ చేయక మరలెనేని సగము చూచివచ్చినవాడే యగును.

విలియం మ్యాడక్సు అను నతడు 1811లో అచ్చటి నదీముఖమున కడ్డముగా నొక కట్ట కట్టించెను. ఈ పట్టణమునకు మూలమదియే. పదమూడున్నర మైళ్ల దూరమున నున్న బ్లైనై ఫెస్టినియోగ్ గనులనుండి పలకరాతిని రేవునకు దెచ్చుటకై 1836లో ఇనుపదారి వేసిరి. దాని వెడల్పు రెండడుగులకు అర యంగుళము తక్కువ. దారి రేవువైపునకు వాలుగా నుండుటచే రాతిబండ్లు తమంతట తామే జారివచ్చుచుండెను. గుఱ్ఱములును వెనుకబండిలో నిలుచుండి దిగివచ్చి, పిదప ఖాళీబండ్లను బైకి లాగుకొని పోవుచుండెను. 1863లో ఆవిరియంత్రములు వచ్చెను. కాలక్రమమున పలకల వర్తకము క్షీణించెను. 1946లో బండి నిలిచిపోయెను. పట్టాలను పొదలు గప్పెను.

లాభము పోయినదానిని వర్తకము విడిచినది. విడువనివారు అభిమానులైన సామాన్యజనులు. 1954లో కంపెనీ యాజమాన్యము వారి పక్షమునకు వచ్చెను. మఱుసటి యేడు కట్టమీద బండి మరల నడచెను. ఇతర వృత్తులవారు సెలవుదినములందు వచ్చి, కూలి గోరక, పొదలు నఱికి పట్టాలు సరిచేసిరి.

ఇంతలో విద్యుదుత్పాదనకై కొండపై జలాశయము గట్టగా దారిలో కొంత భాగము నీట మునిగెను. నష్టపరిహారపు వ్యాజ్యము ఏండ్ల తరబడి సాగెను. న్యాయవాదినైన నేను న్యాయస్థానమును తక్కువ చేయను. కాని వీరు తీర్పునకై చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. 1965లోనే పలుగుపారలు పట్టి కొండచఱియను త్రవ్వ మొదలిడిరి. దారిని గుండ్రముగా ద్రిప్పి, దానిమీదుగనే దానిని దాటించి, యెత్తునకు గొనిపోయిరి. క్రొత్త సొరంగమును గనిపనివారిచే ద్రవ్వించిరి. బండి బ్లైనై చేరినది 1982లో. పదునేడేండ్ల దీక్ష యిది!

ఇదంతయు వినోదయాత్రికుల బొమ్మబండియే కదా యని కొందఱందురు. కొంత నిజమే. పలకధూళి ఊపిరితిత్తులలో జేరి నశించిన గనిపనివారి బ్రదుకు కిటికీలోనుండి కనబడదు. పని చేయవచ్చినవారిలో ఆంగ్లేయులు పెక్కురనుటయు నిజమే. అయినను ఆ సీమవారు స్వభాషను విడువలేదు. పోర్ట్‌మాడొక్ అని ఆంగ్లచ్ఛాయలో వ్రాయబడుచుండిన యూరి పేరు 1974లో పోర్త్‌మాడొగ్ అని తమ భాషలోనే స్థిరపడెను. ఈ రైలుదారితో గూడిన పలకరాతి సీమను 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వముగా గుర్తించెను. పలుగు ముందు పడినది. గౌరవము వెనుక వచ్చినది.

మనకును బందరు, భీమునిపట్టణము, కోరంగి యను పాతరేవులు కలవు. శిథిలములను జూచి నిట్టూర్చి, ప్రభుత్వమునకు మహజరు పంపి, యింటికి బోవుట మన కలవాటు. మహజరు పంపవలసినదే. కాని దానిపై సంతకము చేయువారిలో నెలకొక ఆదివారము శ్రమకు వ్రాసియిచ్చువా రెందఱో, ఆ లెక్క ముందు తేలవలయును.